సీటు సెన్సార్ రీకాల్ ఉత్తరం వచ్చింది, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. డాలస్ దగ్గర ఉంటున్నారు. 2021 మోడల్ కారు, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ముందు సీట్లో బరువు చూసే సెన్సార్ షార్ట్ అయ్యే అవకాశం ఉందనీ, దానివల్ల పాసెంజర్ ఎయిర్‌బ్యాగ్ ఆగాల్సినప్పుడు ఆగకపోవచ్చనీ కంపెనీ నుంచి రీకాల్ ఉత్తరం, అంటే లోపం బాగుచేయడానికి కారును వెనక్కి పిలిచే ఉత్తరం, వచ్చింది. డీలర్‌కి ఫోన్ చేస్తే పార్టు రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. వచ్చే వారం గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. అమ్మగారు 43 కిలోలు, మోకాళ్ల నొప్పుల వల్ల వెనక సీట్లోకి ఎక్కడం కష్టం. ఎనిమిదేళ్ల బాబు ముందు సీటు కోసం రోజూ పేచీ పెడుతున్నాడు. ఈ ఆరు వారాలూ కారు తీయొచ్చా, తీస్తే ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి అని మీ టెన్షన్.

నేను 18 ఏళ్లుగా మిషిగన్‌లో కారు సీట్లు, వాటి కింద ఉండే సెన్సార్ల పరీక్షల పనిలోనే ఉన్నాను. దానికి ముందు హైదరాబాద్‌లో నాలుగేళ్లు వర్క్‌షాపులో పనిచేశాను. మీ కారును నేను చూడలేదు, కాబట్టి నా మాటకూ మీ చేతిలో ఉన్న ఉత్తరానికీ ఎక్కడైనా తేడా వస్తే ఉత్తరం మాటే వినండి.

మీకు కావలసిన జవాబు ముందే చెప్పేస్తాను. కారు నడపకండి అని ఉత్తరంలో రాయలేదు కదా, అయితే నడపొచ్చు. బాబు మాత్రం వెనక సీట్లోనే. ఏడ్చినా, అలిగినా, పక్క వీధిలోని పార్కుకే అయినా సరే. అమ్మగారు ముందు కూర్చోవచ్చు, అయితే సీటు పట్టా మీద చివరిదాకా వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, వీపు ఆనించి కూర్చోవాలి. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న హెచ్చరిక లైటు, అంటే ముందు గుండ్రటి బంతి పెట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ, స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లకి ఆరిపోకుండా అలాగే వెలుగుతుంటే ఆ రోజు నుంచి ముందు సీటు ఖాళీగా ఉంచండి. అమ్మగారికి ఎంత కష్టమైనా చిన్న స్టూలు వేసి వెనకే ఎక్కించండి.

ఎందుకిలా చెబుతున్నానో అర్థం కావాలంటే అసలు ఆ సెన్సార్ ఎందుకు వచ్చిందో తెలియాలి. 1990లలో అమెరికా కార్లలోకి పాసెంజర్ ఎయిర్‌బ్యాగ్‌లు వచ్చినప్పుడు అవి ఎదురుగా ఎవరున్నారో చూసేవి కావు. సీట్లో 80 కిలోల మనిషి ఉన్నా, వెనక్కి తిప్పి బిగించిన బేబీ సీటు ఉన్నా ఒకే దెబ్బ. ఆ సంచీ నిండటానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు, రెప్ప వేసేలోపు అయిపోతుంది. అంత వేగంతో వచ్చేది పసిపిల్లల సీటు వీపుకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మామూలుగా చిన్న గీతలతో పోవాల్సిన నెమ్మది ప్రమాదాల్లో పిల్లలు చనిపోయారు. 1990 నుంచి 2008 వరకు ఇలాంటి తక్కువ వేగం ప్రమాదాల్లో ముందు ఎయిర్‌బ్యాగ్‌ల వల్లనే 290 మందికి పైగా చనిపోయారని అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అంచనా. వాళ్లలో డ్రైవర్లూ ఉన్నారు, పెద్దవాళ్లూ ఉన్నారు, కానీ దేశాన్ని కదిలించింది పిల్లల చావులే.

దాంతో నియమం మారింది. 2003 సెప్టెంబరు నుంచి విడతలుగా, 2006 సెప్టెంబరుకల్లా పూర్తిగా, అమెరికాలో అమ్మే కొత్త కార్లలో పాసెంజర్ ఎయిర్‌బ్యాగ్ ఎదుటి మనిషిని బట్టి నడుచుకోవాలి. పరీక్షల్లో ఏడాది పాప, మూడేళ్లు, ఆరేళ్ల పిల్లల బొమ్మలు ఉంటాయి. చాలా కంపెనీలు ఈ బొమ్మలు సీట్లో ఉన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ను ఆపేసే దారి పట్టాయి. మరోవైపు 49 కిలోల చిన్న ఆకారపు స్త్రీ బొమ్మ కూర్చుంటే ఎయిర్‌బ్యాగ్ తప్పకుండా సిద్ధంగా ఉండాలి. ఆరేళ్ల బొమ్మ బరువు సుమారు 23 కిలోలు. 23కీ 49కీ మధ్యలో ఎక్కడ గీత గీసుకోవాలన్నది కంపెనీ ఇష్టం.

ఇక్కడే మీ అమ్మగారి సంగతి వస్తుంది. 43 కిలోలంటే సరిగ్గా ఆ మధ్య నేలలో ఉన్నారన్నమాట. సెన్సార్‌లో ఏ లోపం లేకపోయినా, ఒకరోజు "పాసెంజర్ ఎయిర్‌బ్యాగ్ ఆఫ్" అని లైటు వెలగొచ్చు, ఇంకోరోజు వెలగకపోవచ్చు. స్వెటర్ వేసుకుని ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుంటే ఒక రకం, తలుపు వైపు ఒరిగితే ఇంకో రకం. మన ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు చాలామంది ఈ బరువులోనే ఉంటారు. కాబట్టి లైటు మినుకుమంటే కారు పాడైపోయిందని కంగారు పడకండి. ఇంకో తికమక కూడా ఉంది. ఆ ఆఫ్ లైటు ఆరిపోతేనే ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్నట్టు. లైటు వెలగలేదు కాబట్టి ఎయిర్‌బ్యాగ్ లేదేమో అని మా బాబాయి ఒకరు నెల రోజులు వెనక సీట్లోనే కూర్చుని తిరిగారు. ఈ పసుపు లైటు వేరు, నేను పైన చెప్పిన ఎర్ర బంతి లైటు వేరు. పసుపు లైటు సీట్లో ఎవరున్నారో చెబుతుంది, ఎర్ర లైటు వ్యవస్థలో లోపం ఉందని చెబుతుంది.

ఇక రీకాల్ ఉత్తరంలో అందరూ దాటేసే ముఖ్యమైన వాక్యం ఒకటి ఉంటుంది. సెన్సార్ చెడితే ఎటు చెడుతుంది? పేలకూడనప్పుడు పేలుతుందా, పేలాల్సినప్పుడు పేలదా? రెండూ సీటు సెన్సార్ రీకాల్‌లే, కానీ ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్త తలకిందులవుతుంది.

2024 ఫిబ్రవరిలో హోండా అమెరికాలో దాదాపు 7.5 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. 2020 నుంచి 2022 వరకు వచ్చిన రకరకాల హోండా, ఆక్యురా మోడళ్లు. అందులో లోపం మీ ఉత్తరంలో ఉన్నలాంటిదే: ముందు సీటు బరువు సెన్సార్‌లోని కెపాసిటర్ అనే చిన్న విద్యుత్ భాగం పగిలి, గాలిలో తేమకు షార్ట్ అయ్యి, ఎయిర్‌బ్యాగ్‌ను ఆపాల్సిన చోట ఆపలేకపోవచ్చు. ఎందుకు పగులుతుందన్న కథ మా రంగంలో వాళ్లకి చాలా రోజులు కాఫీ దగ్గర మాట్లాడుకునే విషయమైంది. సెన్సార్ తయారీదారుకి సరుకిచ్చే కింది స్థాయి ఫ్యాక్టరీ ఒకటి ప్రకృతి విపత్తులో దెబ్బతింది. సరుకు ఆగిపోకూడదని సర్క్యూట్ బోర్డుకి వాడే మూల పదార్థాన్ని తాత్కాలికంగా మార్చారు. ఆ కొత్త పదార్థం ఈ పనికి సరిపోతుందా లేదా అన్నది పూర్తిగా పరీక్షించలేదు. బోర్డు మీద ఒత్తిడి పెరిగింది, కెపాసిటర్ పగుళ్లిచ్చింది. పప్పులోకి రోజూ వాడే చింతపండు దొరక్క అంగట్లో దొరికిందేదో వేసేసినట్టు, కాకపోతే ఇక్కడ రుచి చూడటానికి నాలుగేళ్లు పట్టింది. ఈ రకం లోపంలో ప్రమాదం ప్రధానంగా పిల్లలకి, బేబీ సీటుకి. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి కూర్చుంటే ఎయిర్‌బ్యాగ్ ఎలాగూ పనిచేయాల్సిందే కదా.

దీనికి రెండు నెలల ముందు, 2023 డిసెంబరులో, టొయోటా ప్రపంచవ్యాప్తంగా 11.2 లక్షల కార్లను పిలిచింది. అందులో పది లక్షల దాకా అమెరికాలోవే. 2020 నుంచి 2022 మధ్య క్యామ్రీ, కొరోలా, ర్యావ్4, హైలాండర్ లాంటివి, కొన్ని లెక్సస్‌లు. ఇదీ ముందు సీటు సెన్సారే, ఇదీ షార్ట్ అవడమే. కానీ ఫలితం అటువైపు: ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. ఇలాంటి ఉత్తరం వచ్చిన ఇంట్లో ముందు సీట్లో నష్టపోయేది పెద్దవాళ్లు. మీకు ఇదే వచ్చి ఉంటే అమ్మగారిని ముందు కూర్చోబెట్టండి అని నేను చెప్పేవాణ్ని కాదు.

మూడో రకం ఇంకొకటి. 2014లో నిస్సాన్ దాదాపు పది లక్షల కార్లను పిలిచింది, ఆల్టిమా, సెంట్రా, పాత్‌ఫైండర్ వగైరా. అక్కడ ఏదీ పగల్లేదు. సీట్లో పెద్దమనిషి ఉన్నా ఖాళీగా ఉందనో, పిల్లలున్నారనో సాఫ్ట్‌వేర్ పొరబడి ఎయిర్‌బ్యాగ్ ఆపేసేది. ఇంజిన్ ఐడిల్‌లో వణుకుతుండగా ఖాళీ సీట్లోకి మనిషి వచ్చి కూర్చోవడం, అదోరకంగా కూర్చోవడం, ఇలాంటివి కలిసినప్పుడు లెక్క తప్పేది. సాఫ్ట్‌వేర్ మార్చారు. 2016లో ఇదే తరహా గొడవతో అమెరికాలో మళ్లీ 30 లక్షలకు పైగా కార్లను పిలవాల్సి వచ్చింది. సీట్లో ఎవరున్నారో తెలుసుకోవడం వినడానికి తేలికగా ఉంటుంది గానీ మనుషులు కూర్చునే తీరు అన్ని రకాలు.

మా అమ్మే సాక్షి. ఆవిడ వచ్చినప్పుడు ముందు సీటు లెదర్ చలికి గడ్డకట్టినట్టుందని ఇంట్లోంచి బొంత మడత పెట్టి తెచ్చి వేసుకునేది. పది నిమిషాల్లో కాళ్లు పైకి పెట్టుకుని బాసింపట్టు. ఆఫ్ లైటు వెలుగుతూ ఆరుతూ దీపావళి. సీటు కింద సెన్సార్లలో నేను చేత్తో పట్టుకున్నవి మూడు రకాలు. సీటు మెత్త కింద ద్రవం నింపిన సంచీ, దాని ఒత్తిడి కొలిచేది ఒకటి. సీటు కాళ్ల దగ్గర, పట్టాల మీద పడే బరువును కొలిచేవి ఒకటి. మనిషి శరీరం దగ్గరుంటే విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టే పలచని చాప ఒకటి. ఈ మూడూ కంపెనీ ఇచ్చిన సీటుకి, మామూలుగా కూర్చునే మనిషికి లెక్క కట్టి పెట్టినవి. బొంత వేస్తే, దిండు వేస్తే, దళసరి సీటు కవర్ తొడిగితే, సీటు తడిస్తే, సీటు కింద పెట్టె కుక్కితే, వెనక కూర్చున్నవాళ్లు మోకాళ్లతో తోస్తే, సీటు వీపుకి బరువైన సంచీ తగిలిస్తే లెక్క మారుతుంది. ఏది ఏ రకానికి ఎక్కువ అన్నది వదిలేయండి, ఈ ఆరు వారాలూ ఆ సీటును ఉన్నదున్నట్టు ఉంచండి. ఇండియన్ స్టోర్ నుంచి 20 పౌండ్ల బియ్యం సంచి ముందు సీట్లో పెడితే బెల్టు పెట్టుకో అని కారు గోల చేయడం మీరు వినే ఉంటారు. సీట్లో బరువు చూసుకుంటోందనడానికి అదే రుజువు. బియ్యం డిక్కీలో పెట్టండి.

బాసింపట్టు విషయం సెన్సార్‌తో ఆగదు. కాళ్లు మడిచి కూర్చుంటే నడుము దగ్గర బెల్టు వదులై పొట్ట మీదికి వస్తుంది, మోకాళ్లు ఎయిర్‌బ్యాగ్ దారిలో ఉంటాయి. ఒళ్లో పులిహోర డబ్బా కూడా అంతే, సంచీ విప్పుకున్నప్పుడు ఆ డబ్బా వచ్చి తగిలేది ఛాతీకే. అమ్మగారికి ముందే చెప్పండి, మొహమాటపడకండి. ఛాతీకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య కనీసం పది అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు చివరిదాకా వెనక్కి జరిపితే అంతకంటే ఎక్కువే వస్తుంది. ఆ వెనక బాబు కాళ్లకి చోటు చాలకపోతే వాణ్ని డ్రైవర్ వెనకాల కూర్చోబెట్టండి.

బాబు గురించి ఇంకొక్క మాట. లోపం లేని కారులో కూడా 13 ఏళ్లు వచ్చేదాకా పిల్లలు వెనక సీట్లోనే ఉండాలన్నది ఇక్కడి వైద్యులూ భద్రతా సంస్థలూ చెప్పే మాట. ఎనిమిదేళ్లవాడికి ఎత్తును బట్టి బూస్టర్ సీటు, అంటే బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు, ఇంకా అవసరం కావచ్చు. కాబట్టి రీకాల్ పని పూర్తయ్యాక కూడా వాడికి ముందు సీటు ఆశ పెట్టకండి.

ఇప్పుడు చేయకూడని పని. ఆరు వారాలు ఆగలేక "సీటు కింద పసుపు కనెక్టర్ పీకేస్తే సరి, ఎయిర్‌బ్యాగ్ ఆగిపోతుంది" అని మీకు ఎవరో సలహా ఇచ్చారన్నారు. వద్దు. ఆ పసుపు రంగు వేసిందే చేయి పెట్టొద్దని చెప్పడానికి. సీటు బెల్టును బిగించే మందు గుండు, సీటు పక్క ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా అక్కడే ఉండొచ్చు. కనెక్టర్ పీకితే వ్యవస్థ ఏ నిర్ణయం తీసుకుంటుందో ఒక్కో కారులో ఒక్కోలా ఉంటుంది. సెన్సార్ స్థానంలో పెట్టి హెచ్చరిక లైటును మోసం చేసే చిన్న డబ్బాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అవీ వద్దు. అది పెట్టాక ఆ సెన్సార్ లోపానికి ఎర్ర లైటు ఇక వెలగదు, ఉన్న ఒక్క సాక్షినీ మూగవాణ్ని చేసినట్టవుతుంది.

తకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌తో దీన్ని కలిపి భయపడుతున్నారని కూడా అనిపించింది. అది వేరే సంగతి. తకాటాలో ఎయిర్‌బ్యాగ్‌ను నింపే అమ్మోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడిపోయి, డబ్బానే పేలి లోహపు ముక్కలు మొహం మీదికి వచ్చేవి. అమెరికాలో సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు, ఇక్కడి చరిత్రలోనే అతి పెద్ద రీకాల్. వాటిలో కొన్నింటికి కారు అసలు తీయకండి అన్న హెచ్చరిక ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి అదీ ఒకసారి చూసుకోండి, రెండు నిమిషాల పని. విండ్‌షీల్డ్ కింద డ్రైవర్ వైపు 17 అక్షరాల విన్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్య, ఉంటుంది, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో కొడితే ఆ కారు మీద ఇంకా పూర్తికాని రీకాల్‌లన్నీ కనిపిస్తాయి. 2021 మోడల్‌లో తకాటా సమస్య కనిపించే అవకాశం బాగా తక్కువ, అయినా మీ ఇంట్లో రెండో కారు పాతదైతే దానికీ కొట్టండి.

ఉత్తరం మీకు అందడం అదృష్టమే. రిజిస్ట్రేషన్ అడ్రసుకే ఇవి వస్తాయి. మనవాళ్లు ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారతారు, అపార్ట్‌మెంట్ మారతారు, కారు అడ్రసు మార్చడం మాత్రం మర్చిపోతారు. వీసా అయిపోయి ఇండియా వెళ్లిపోతూ స్నేహితుడికి కారు అమ్మేసినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉత్తరం పాత గదిలో ఎవరి డబ్బాలోనో పడి ఉంటుంది. కంపెనీ యాప్‌లో మీ పేరు, ఇప్పటి అడ్రసు నమోదు చేయండి. రీకాల్ హక్కు కారుకి ఉంటుంది, మొదట కొన్నవాళ్లకే కాదు. మొదటి యజమాని కొన్న తేదీ నుంచి 15 ఏళ్ల దాకా బాగుచేయడం ఉచితం. ఇక్కడ వాడిన కార్లను రీకాల్ పని పూర్తి చేయకుండా అమ్మకూడదన్న ఫెడరల్ చట్టం లేదు, అందుకే మీకు అమ్మిన డీలర్ మీద ఈ విషయంలో కోపం పెట్టుకుని లాభం లేదు. అద్దె కార్ల కంపెనీలకి మాత్రం 2016 నుంచి చట్టం ఉంది, 35 కంటే ఎక్కువ కార్లున్నవాళ్లు రీకాల్ పెండింగ్‌లో ఉన్న కారును అద్దెకివ్వకూడదు. అమ్మానాన్నలతో నయాగరా వెళ్తానన్నారు కదా, ఆ ట్రిప్పుకి పెద్ద కంపెనీ కారు తీసుకుంటే మీకు ఈ బెంగ ఉండదు. యాప్‌లో ఎవరో ఒకరి సొంత కారు తీసుకుంటే విన్ నంబరు అడిగి మీరే చూసుకోవాలి.

మీ ప్రశ్న కింద ఒకరు "ఇండియాలో ఇవేవీ లేకుండానే తిరుగుతున్నాం కదా" అన్నారు. అక్కడా నియమాలు వచ్చాయండీ. ముందు ప్రయాణికుడికి ఎయిర్‌బ్యాగ్ 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకి, ఆ ఏడాది చివరికి పాత మోడళ్లకీ తప్పనిసరి అయింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రీకాల్ చేయించే అధికారం కూడా ప్రభుత్వానికి వచ్చింది. 2023 జనవరిలో మారుతీ సుజుకీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లను పిలిచింది, ఆల్టో కే10, బాలెనో, బ్రెజా, గ్రాండ్ విటారా వగైరా. ఆ భాగం మార్చేదాకా కారు వాడొద్దనే చెప్పింది. కానీ అక్కడి చాలా కార్లలో ముందు సీటు కింద ఉండేది బెల్టు గుర్తుచేసే సెన్సార్ మాత్రమే. బరువు చూసి ఎయిర్‌బ్యాగ్ ఆపేది కాదు. కొన్నింట్లో తాళంతో ఆపే స్విచ్ ఉంటుంది, కొన్నింట్లో అదీ లేదు. గుంటూరులో మీ అన్నయ్య పాపను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంటే, మీ రీకాల్ కంటే పెద్ద ప్రమాదం అదే.

డీలర్ సంగతికి వస్తే, ఆరు వారాలన్నంత మాత్రాన ఊరుకోకండి. ఊళ్లో ఇంకో ఇద్దరు డీలర్లకి ఫోన్ చేయండి, మీ కారు కంపెనీ డీలర్ ఎవరైనా చేయాల్సిందే, కొన్న చోటే చేయించుకోవాలని లేదు. ఉత్తరంలోని రీకాల్ నంబరు, విన్ నంబరు చెప్పి పార్టు మీ పేరు మీద ఆర్డర్ పెట్టమనండి, ఆ తేదీ రాసుకోండి. కంపెనీ కస్టమర్ కేర్‌కి విడిగా ఫోన్ చేసి, ఇంట్లో చిన్నపిల్లాడు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నారని చెప్పి లోనర్ కారు, అంటే మీది బాగయ్యేదాకా వాడుకోవడానికి ఇచ్చే కారు, అడగండి. ఇవ్వాలన్న చట్టం లేదు, అడిగినవాళ్లకి ఇవ్వడం మాత్రం చాలాసార్లు చూశాను. కారు అప్పజెప్పాక 60 రోజులైనా బాగుచేయకపోతే చట్టం దృష్టిలో అది ఆలస్యమే, అప్పుడు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు చేయొచ్చు. డయాగ్నస్టిక్ ఫీజు అని ఎవరైనా డబ్బులడిగితే కట్టకండి. ఉత్తరం రాకముందే ఈ సెన్సార్‌కి మీరు డబ్బు కట్టి ఉంటే ఆ బిల్లు వెతికి పంపండి, తిరిగి వస్తుంది.

సెన్సార్ మార్చాలంటే సీటు ఊడదీయాలి, కాబట్టి ఒక పూట పడుతుందనుకోండి. సీటు బిగించాక స్కానర్ పెట్టి, ఖాళీ సీటు బరువు సున్నా అని దానికి మళ్లీ నేర్పించాలి. హడావుడి వర్క్‌షాపుల్లో ఈ మెట్టు దాటేసి కారు ఇచ్చేసిన సందర్భాలు మా దగ్గరికి వచ్చాయి. సున్నా సెట్ చేశారా అని సర్వీస్ అడ్వైజర్‌ని అడగండి, పని కాగితం మీద రీకాల్ నంబరుతో పాటు ఆ ముక్క కూడా రాయించుకోండి. వీలైతే ఆ రోజు అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. బయటికి రాకముందు ఆవిడని ఆ సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టించి, ఇంజిన్ ఆన్‌లో రెండు నిమిషాలు లైట్లు చూడండి. ఎర్ర లైటు ఆరిపోవాలి. పసుపు ఆఫ్ లైటు వెలిగితే, 43 కిలోలకి అది మామూలేనా అని అక్కడే టెక్నీషియన్‌ని అడిగి, ఆయన చెప్పింది విని ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.